సోమవారం ఆగని బండి

మామిడి పూత వాసన తగిలితే చాలు, నాకు కళ్ళు మూతలు పడతాయి. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ వాసన వెనకే డీజిలు వాసన కూడా వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆ రెండూ కలిసిన ఒక పూత కాలం గురించి చెప్తాను. ఇప్పటి షెడ్డుల్లో కుర్రవాళ్ళు బండికి వైరు తగిలించి, దాని జబ్బేమిటో తెర మీద చదువుకుంటున్నారు. మంచిదే. మా రోజుల్లో బండి జబ్బు బండిగలవాళ్ళ నోటి నుంచే తెలుసుకోవాలి. వాళ్ళు చెప్పేవారు కూడా. వినడమే మాకు సరిగ్గా వచ్చేది కాదు.

ఎనభైల్లో నేను బెజవాడలో ఒక బళ్ళ డీలరు దగ్గర సర్వీసు మెకానిక్కుని. కొత్త బండి వారంటీలో ఉండగా మొరాయిస్తే ఇంటికెళ్ళి చూసి రావడం నా పని. నూజివీడు చుట్టుపక్కల తోటలన్నీ నా వాటాకి వచ్చాయి. భుజాన స్పానర్ల సంచి, జేబులో ఏ బండికి ఏం చేశానో రాసే జాబ్ కార్డుల పుస్తకం, బస్సులో కిటికీ పక్క సీటు. ఇంతకన్నా మంచి ఉద్యోగం ఉంటుందని నాకు అప్పట్లో తెలియదు, ఇప్పటికీ తెలియదు.

ఆ ఏడాది కొత్త మోడలొకటి వచ్చింది. అటు జీపూ కాదు, ఇటు కారూ కాదు. జీపు మీద ఇనప గది కట్టి, గాజు కిటికీలు బిగించి, వెనక ఎదురెదురుగా సీట్లు వేశారు. ఇంటిల్లిపాదీ ఎక్కొచ్చు, తోటల్లో గతుకులకి జడవదు. మామిడి రైతులు ముచ్చటపడి కొన్నారు. దసరాకి మేం అమ్మిన బళ్ళలో ఒకటి రెడ్డిగూడెం దాటాక తోట మధ్యలో ఇల్లు కట్టుకున్న ఒక రైతుగారిది. ఆయన భార్య మైలవరంలో సిస్టర్లు నడిపే స్కూల్లో లెక్కల టీచరు. బస్సు ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియని రోజులవి. అందుకని ఆవిడ డ్రైవింగు నేర్చుకుని, లైసెన్సు తీసుకుని, ఆ బండి తోలుకుంటూ స్కూలుకి వెళ్ళొచ్చేవారు. ఆ దారిలో ఆడమనిషి అంత పెద్ద బండి నడపడం జనానికి సినిమా. పొలంలో పనిచేసేవాళ్ళు నడుం పైకెత్తి, బండి మలుపు తిరిగేదాకా చూసేవారట.

సంక్రాంతి వెళ్ళాక ఆ బండి ఆగడం మొదలెట్టింది.

నేను మొదటిసారి వెళ్ళేసరికి తోట తోటంతా పూత మీద ఉంది. దూరం నుంచి చూస్తే చెట్లకి మగత కమ్మినట్టుంది. చెట్టు కింద నిలబడితే మబ్బు లేకుండానే సన్నటి తుంపర చేతుల మీద పడుతోంది. ఏమిటండీ ఇది అని అడిగితే రైతుగారు నవ్వారు.

"తేనెమంచండి. పూత రసం పీల్చే పురుగుంటుంది, అది చిమ్మే జిగురు. పంటకి దెబ్బే. అందుకే ఆ మందు కొట్టడం."

కాస్త దూరంలో స్ప్రేయరు ఇంజిను రొద పెడుతోంది. ఆ రొద, ఆ వాసన, ఆ ఎండ కలిసి నన్ను జోకొడుతున్నాయి. బండి ఇంటి పక్కన చెట్టు నీడన ఉంది. ఆరుబయట పెడితే సీట్లు కాలిపోతాయని అక్కడ పెట్టుకున్నారు.

"నా చేతిలో ఒక్కసారి కూడా ఆగలేదండి," అన్నారాయన. "బెజవాడ వెళ్ళొచ్చాను, ఏలూరు వెళ్ళొచ్చాను. ఈవిడ మైలవరం వెళ్తే ఆగిపోద్ది. మూడు వారాల్లో మూడుసార్లు. ఇంకోసారి ఆలస్యమైతే కుదరదని హెడ్‌మిస్ట్రెస్ గారు చెప్పేశారంట. బండిదే తప్పని మీరు తేలిస్తే కంపెనీతో నేను తేల్చుకుంటాను. ఈవిడదే అయితే ఇక బండీ వద్దు, అంత దూరం ఉద్యోగమూ వద్దు."

ఆయన చెడ్డమనిషి కాదు. మెత్తగానే అన్నారు. గుమ్మంలో నిలబడ్డ టీచరుగారు మాత్రం ఆ మాటకి చీర కొంగు బిగించి పట్టుకున్నారు. అది చూశాను నేను.

"మొదట ఇంజిను గొంతు నొక్కినట్టు అవుద్దండి," అన్నారావిడ. "తొక్కినా ఎక్కదు. తర్వాత ఆగిపోద్ది. ఏ రోజు ఎక్కడాగిందో ఈ పుస్తకంలో రాసిపెట్టాను. ఒక సంగతి చూడండి. సోమవారం ఎప్పుడూ ఆగలేదు. ఆగితే బుధవారం, లేకపోతే గురువారం. మళ్ళీ శనివారం దాకా బాగుంటుంది."

నేను నవ్వాను. బండికి వారాలేం తెలుస్తాయండీ, ఉపవాసాలా అన్నాను. రైతుగారూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. పుస్తకం మూసి లోపలికి వెళ్ళారు.

మా షెడ్డులో ఒక పెద్ద ఫోర్‌మన్ ఉండేవారు. నాకు పని నేర్పింది ఆయనే. ఎక్కడ ఏ బండి దగ్గరికెళ్ళినా ముందు ట్యాంకు మూత తీసి, లోపలికి చూసి, వాసన పీల్చమనేవారు. డీజిలు ఉందో లేదో, కిరసనాయిలు కలిసిందో లేదో తెలుస్తుంది. నేను దాన్ని గురువుగారి మంత్రంలా పాటించేవాణ్ణి. ఆ రోజూ ముందు మూత తీశాను, చూశాను, వాసన పీల్చాను, బిగించాను. తర్వాత రైతుగారిని పక్కన కూర్చోబెట్టుకుని మైలవరం దాకా తోలాను, తిరిగొచ్చాను. బండి పాటలా నడిచింది.

రెండోసారి వెళ్ళి ఫిల్టరు మార్చాను. పైపుల్లో గాలి తీశాను. మళ్ళీ ముందు మూత, తర్వాత మైలవరం. పాటలానే నడిచింది. ఆ మరుసటి వారం గురువారం మళ్ళీ ఆగిందని కబురు. ఈసారి రోడ్డు మీద ఒక లారీ డ్రైవరు దిగి, డీజిలుందా అమ్మా అని మూత తీసి చూసి, తాళం తిప్పితే నాలుగు తిప్పుళ్ళకి లేచిందట. ఇందులో ఏముందమ్మా, తిప్పడం తెలియాలి అని నవ్వి వెళ్ళాడట. ఆగిన ప్రతిసారీ అంతేనట. ఎవరో ఒక మగవాడు రావడం, చూడటం, తిప్పడం, బండి లేవడం. ఊళ్ళో ఇదొక వేళాకోళమైపోయింది.

మూడోసారి పంపు విప్పి, కడిగి, చూసి, మళ్ళీ బిగించాను. లోపమేమీ దొరకలేదు. షెడ్డుకి తిరిగి వెళ్ళాక సర్వీసు మేనేజరు గారు పిలిచారు.

"కంపెనీకి పంపు మార్చమని రాయాలంటే లోపం చూపించాలయ్యా. నువ్వు చూపించగలవా?"

"లేదండి."

"బండి ఎవరి చేతిలో ఆగుతోంది?"

"ఆవిడ చేతిలోనేనండి."

"నీ చేతిలో?"

"ఆగలేదండి."

"మరింకేం, రాసెయ్."

రాశాను. బండిలో లోపం కనబడలేదు, నడిపే తీరు వల్ల ఆగుతున్నట్టు తోస్తున్నది. నాది మంచి దస్తూరి. ఆ వాక్యం రాయడానికి ఒక నిమిషం పట్టి ఉంటుంది. తోస్తున్నది అనే మాట ఎందుకు రాశానో మీకు చెప్పాలి. మనకి ఖాయంగా తెలియనప్పుడు, తెలియదని ఒప్పుకోవడానికి మనసు రానప్పుడు, అలాంటి మాటలు భలే అక్కరకొస్తాయి.

ఆ కాగితం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. రైతుగారు అరుగు మీద కూర్చుని చదువుకున్నారు. దాన్ని భార్యకి ఇచ్చారు. ఆవిడ రెండుసార్లు చదివారు. లోపలికెళ్ళి బండి తాళం తెచ్చి ఆయన పక్కన పెట్టారు. తర్వాత నా వైపు తిరిగి చాలా మామూలుగా అడిగారు.

"మూడుసార్లు వచ్చారు కదండీ. ఒక్కసారైనా నేను తోలుతుంటే పక్కన కూర్చున్నారా?"

స్ప్రేయరు రొదలో వినబడనట్టు నటించి సంచి సర్దుకున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఆ తర్వాత కొన్ని వారాలు నేను వేరే బళ్ళు చూశాను. హనుమాన్ జంక్షన్‌లో ఒక లారీ ఓనరు కొత్త వ్యాను, గన్నవరం వైపు ఒక డాక్టరు గారి జీపు. ఎక్కడికెళ్ళినా ఆవిడ మాట నా చెవి దగ్గర కూర్చునేది. బస్సులో కునుకు పడితే కలలో కూడా బండి ముందు సీట్లో ఎప్పుడూ నేనూ ఒక మగమనిషే ఉండేవాళ్ళం. వెనక సీట్లో ఎవరో ఉన్నారని తెలిసేది గానీ, తల తిప్పి చూడబోతే మెలకువ వచ్చేసేది.

చివరికి ఒక గురువారం, సెలవు పెట్టి, ఎవరూ పంపకుండానే రెడ్డిగూడెం బస్సెక్కాను. పూత రాలిపోయి గోలీలంత పిందెలు వచ్చాయి. తోటలో మందు కొట్టడం ఆ రోజు లేదు. అంత నిశ్శబ్దం అక్కడ ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. టీచరుగారు ఇంట్లోనే ఉన్నారు. స్కూలు రోజున ఆవిడ ఇంట్లో ఎందుకున్నారా అని అటే చూశాను.

"పది రోజులైందండి," అన్నారు రైతుగారు నా చూపు కనిపెట్టి. "రాజీనామా కాగితం ఇచ్చింది. బస్సు నమ్ముకుని రెండుసార్లు ఆలస్యమైంది, ఇంకేం చేస్తుంది? పరీక్షల దాకా ఆలోచించుకోమన్నారు ఆ హెడ్‌మిస్ట్రెస్ సిస్టరు గారు. ఏం ఆలోచించుకుంటాం."

"నాకోసం ఒక్కసారి టీచరుగారిని తోలమనండి," అన్నాను. "నేను పక్కన కూర్చుంటాను. మీరు వెనక కూర్చోండి."

ఆయన ఇబ్బందిగా చూశారు. ఆవిడ మాత్రం అప్పటికే చెప్పులేసుకుంటున్నారు.

అలవాటు కొద్దీ నేను వెనక్కెళ్ళి ట్యాంకు మూత మీద చెయ్యి వేశాను.

"ఆగండి," అన్నారావిడ. "నేనెప్పుడూ అది తీయను. నేను రోజూ ఎలా బయల్దేరతానో అలాగే బయల్దేరదాం. ఒకటి మారిస్తే లెక్క ఎలా తేలుద్దండీ?"

చెయ్యి తీసేశాను. ఆ బండికి ఆదివారం రైతుగారు నూజివీడులో ట్యాంకు నింపించారు. ఆ తర్వాత మూత ఎవరూ ముట్టుకోలేదు. ఈ నాలుగు రోజులూ ఆయనే తోటల చుట్టూ తిరిగారు.

ఆవిడ తోలారు. ఏమని చెప్పను! గేరు మార్చినట్టే తెలియడం లేదు. గతుకు వస్తే ముందే నెమ్మదిస్తున్నారు, ఎద్దుబండి ఎదురైతే హారను కూడా కొట్టకుండా పక్కకి తీసి ఆగుతున్నారు. మా షెడ్డులో అలా తోలేవాడు ఒక్కడు లేడు, నాతో సహా. నడిపే తీరు అని రాసిన నా చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రెండు వైపులా తోటలు, ఎండలో తేలిపోతున్నట్టు ఉన్నాయి. ఇంజిను చప్పుడుకి నిద్ర ముంచుకొస్తోంది. ఇదే అసలైన నిజమేమో, బెజవాడ, షెడ్డు, మేనేజరు అంతా కలేమో అనిపించింది.

నాలుగైదు మైళ్ళు పోయాక, ఒక కల్వర్టు ముందర, ఇంజిను గొంతు మారింది.

"ఇదిగో," అన్నారావిడ. "ఇదేనండి."

నిజంగానే ఎవరో గొంతు నొక్కుతున్నట్టుంది. ఆవిడ బండిని పక్కకి తీశారు. ఆగిపోయింది.

చుట్టూ ఏ చప్పుడూ లేదు. దిగి బానెట్ ఎత్తి, పైపు వదులు చేసి, చేతి పంపు కొట్టి చూశాను. చుక్క డీజిలు రాదు. నిన్నకాక మొన్న నింపిన ట్యాంకు. నాకు ఏమీ తోచలేదు. తోచనప్పుడు మనిషి ఏం చేస్తాడు, వచ్చిందే చేస్తాడు. వెళ్ళి ట్యాంకు మూత తిప్పాను.

బుస్సుమంది. చిన్నగా కాదు. ఎంతసేపట్నుంచో ఊపిరి బిగబట్టిన మనిషి నోరు తెరిచి గాలి పీల్చుకున్నట్టు, అలా చాలాసేపు లోపలికి పీల్చుకుంది ఆ ట్యాంకు. ముగ్గురం విన్నాం.

మూతని ఎండలోకి తెచ్చి చూశాను. దానికి సన్నటి బెజ్జం ఒకటి ఉంటుంది. డీజిలు ఖర్చయ్యే కొద్దీ లోపలికి గాలి వెళ్ళడానికి. ఆ బెజ్జం లేదు. దాని చోట ఎర్రమట్టి, మందు పొడి కలిసి గట్టిపడ్డ నల్లటి జిగురు ఉంది. గోటితో గీకి నాలిక మీద పెట్టుకున్నాను. మందు కొట్టిన తోటలో అలాంటి పని ఎవరూ చేయకండి. చేదు కింద తియ్యగా ఉంది. తేనెమంచు. ఇంటి దగ్గరున్నప్పుడల్లా చెట్టు కింద నిలబెట్టిన బండి మీద కురిసి, మూత మీద పేరుకుని, బెజ్జం మూసేసింది. గాలి లోపలికి వెళ్ళే దారి లేక, డీజిలు వాడే కొద్దీ ట్యాంకు బిగుసుకుని, బిగుసుకుని, మూడో నాలుగో రోజుకి ఇక చుక్క కూడా వదలనంటోంది.

టీచరుగారు గాజులకున్న పిన్నీసు తీసి నా చేతికిచ్చారు. నేను బెజ్జం పొడుస్తుంటే ఆవిడ పైకే లెక్కేసుకోవడం మొదలెట్టారు.

"ఆదివారం ఈయన డీజిలు పోయిస్తారు. అప్పుడు మూత తీస్తారు. అందుకే సోమవారం ఆగదు. బుధవారం ఆగుద్ది. ఎవరో వచ్చి డీజిలుందా అని మూత తీస్తారు. లేస్తుంది, శనివారం దాకా నడుస్తుంది. మీరు వచ్చినప్పుడల్లా ముందు మూత తీశారు. అందుకే మీ చేతిలో ఆగలేదు. ఈయన బెజవాడ వెళ్ళేది డీజిలు పోయించుకునే కదా, ఈయన చేతిలోనూ ఆగలేదు." భర్త వైపు తిరిగారు. "నేనే ఎప్పుడూ తీయలేదండి. బంకు దగ్గర మగాళ్ళుంటారు, డీజిలు సంగతి నీకెందుకు అన్నారు కదా మీరు."

ఆ మాటలో కోపం లేదు. లెక్క ఎక్కడ తప్పిందో పిల్లాడికి చూపించినట్టు చూపించారంతే. రైతుగారు రోడ్డు మీది మట్టి చూస్తూ నిలబడ్డారు. ఆయన్ని అని లాభం లేదు. ఈ బుస్సు శబ్దం నేను ముందే విని ఉంటాను. మూడుసార్లు మూత తీశాను కదా. స్ప్రేయరు రొద ఉందని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నిజం చెప్పాలంటే, వినే ఉద్దేశమే లేదు. సోమవారం ఆగదు అని ఆవిడ చెప్పిన మొదటి రోజే, సోమవారానికి ముందు ఏం జరుగుతోందండీ అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

జాబ్ కార్డుల పుస్తకం తీసి బానెట్ మీద పెట్టుకుని అక్కడే రాశాను. ట్యాంకు మూత గాలి బెజ్జం మూసుకుపోవడం వల్ల బండి ఆగినది. నడిపినవారి తప్పు ఏమీ లేదు. ముందు నేను రాసినది పొరపాటు. ఈసారి తోస్తున్నది అని రాయలేదు. సంతకం పెట్టాను. మేనేజరు గారిని అడగకుండా రాసినందుకు తర్వాత నాకు గట్టిగానే అక్షింతలు పడ్డాయి. ఆ తోటకి మళ్ళీ నన్ను పంపనూ లేదు.

"ఇది సిస్టరు గారికి చూపిద్దాం," అన్నారు రైతుగారు. ఆయన గొంతులో తొందర వినబడింది. "ఇప్పుడే పోదాం. తోలు."

మైలవరం దాకా బండి గాలిలా వెళ్ళింది. నేను లోలోపల పొంగిపోతున్నాను. అబద్ధమెందుకు, ఆవిడ ఉద్యోగం నేను తిరిగి తెచ్చి చేతిలో పెడుతున్నట్టే అనుకున్నాను. స్కూలు గేటు దగ్గర నేను కూడా దిగి వెంట వెళ్ళాను.

హెడ్‌మిస్ట్రెస్ గారు పెద్దావిడ. కళ్ళజోడు పెట్టుకుని నా కాగితం మొత్తం చదివారు. తర్వాత కళ్ళజోడు తీసేశారు.

"పరీక్షల దాకా చూద్దామనే అనుకున్నానమ్మా. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఊరుకోలేదు. మొన్న కొత్త టీచరుని తీసుకున్నాను. ఆ అమ్మాయి గుంటూరు నుంచి సామాను కూడా తెచ్చుకుంది." కాగితం మడిచి టీచరుగారి చేతిలో పెట్టారు. "ఇది పది రోజుల ముందు తెచ్చి ఉంటే బాగుండేది."

పక్క గదిలోంచి ఎవరో ఎక్కం చెప్పిస్తున్నారు. టీచరుగారు ఒక్క క్షణం అటు విన్నారు. సిస్టరు గారికి నమస్కారం పెట్టి బయటికి నడిచారు. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంత నయంగా ఉండేదేమో.

మేం ఇద్దరం వెనకాల వచ్చేసరికి ఆవిడ బండి ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నారు. రైతుగారు ఎప్పటిలాగే నేరుగా ఆ తలుపు దగ్గరికే వెళ్ళి నిలబడ్డారు, ఆవిడ పక్కకి జరుగుతారని. ఆవిడ జరగలేదు. ఆయన వైపు చూడనూ లేదు. ఆయన తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, మెల్లగా బండి ముందు నుంచి చుట్టూ తిరిగొచ్చి, రెండో వైపు ఎక్కి కూర్చున్నారు. నేను వెనక ఎక్కాను.

తిరుగు దారి పట్టాం. సాయంత్రపు ఎండకి తోటలు ఎర్రబడుతున్నాయి. కల్వర్టు వచ్చింది, పోయింది. ఆ బండి ఆగకూడదని రెండు నెలలు కోరుకున్నవాణ్ణి, ఆ రోజు మాత్రం ఎక్కడైనా ఒక్కసారి ఆగితే బాగుండునని కోరుకున్నాను. ఆగితే నేను దిగేవాణ్ణి, చెయ్యడానికి నాకు ఏదో ఒక పని ఉండేది. అది ఇంటిదాకా ఎక్కడా ఆగలేదు.